రంపం తిట్టుకు పారిపోయిన పగులు

రంపం ఒకసారి పగిలిన టాబ్లెట్‌ను చెయ్యి కూడా వెయ్యకుండా ఒట్టి తిట్లతో బాగుచేసింది. నమ్మకపోతే ఆ వీధిలో ఎవరినైనా అడగండి. ఆమె నోరు తెరిచీ తెరవగానే గాజు మీది పగులు గజగజ వణికి, ఒక మూలకు జరిగి, అక్కడా నిలవలేక నేల మీదికి దూకి ముక్కముక్కలైందట. పైన గాజు మాత్రం అప్పుడే తుడిచిన అద్దంలా మిగిలిందట. అది దూకడం కళ్ళారా చూసింది ఒక్కరే. కానీ కబురు వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేసరికి చూసినవాళ్ళు ఒక బస్సుకు సరిపోయేంతమంది అయ్యారు.

రంపం అన్నది వీధి పెట్టిన పేరు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంది, దాన్ని ఎవరూ చదవరు. ఆమె గొంతు వెళ్ళేటప్పుడు ఒకవైపు కోస్తుంది, వచ్చేటప్పుడు రెండోవైపు కోస్తుంది. పగిలిన ఫోన్లూ టాబ్లెట్లూ బాగుచెయ్యడం ఆమె పని. మెట్ల కింద ఒక గది, ఆ గదిలో మెట్లు వాలిన వైపు ఆమె బల్ల. అక్కడ నిటారుగా లేచి నిలబడితే తల తగులుతుంది. అందుకే ఆమె ఎవరితోనూ లేచి పోట్లాడదు, కూర్చునే పోట్లాడుతుంది. లేచి పోట్లాడే వీలుంటే ఆ భవనం ఈపాటికి పడిపోయి ఉండేదని వీధివాళ్ళ నమ్మకం.

"ఎలా పడింది?" అని అడుగుతుంది, ఎవరు ఏ ఫోను తెచ్చినా.

"దానంతటదే పడిందక్కా."

"దానికేమన్నా కాళ్ళున్నాయా, షికారుకి బయల్దేరడానికి? కోపంలో విసిరికొట్టానని చెప్పు. విసిరిన పగులు వేరు, జారిన పగులు వేరు. నాకు తెలీదనుకున్నావా?"

విసిరినవాడు తల దించుకునేవాడు. జారవిడిచినవాడు కూడా ఆ గొంతుకు భయపడి విసిరానని ఒప్పుకునేవాడు.

ఇక గదిలో ముందువైపు, వెలుతురు వచ్చేచోట, ఆమె ఆడపడుచు గల్లా. కవర్లు, చార్జర్లు, గాజు పగలకుండా పైన అతికించే గార్డులు ఆవిడ సరుకు. గార్డు అతికించడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు. ఊపిరి బిగపట్టి, ధూళి కణం లేకుండా తుడిచి, అంచుకు అంచు కలిపి వదిలితే, గార్డు ఉన్న సంగతి ఫోనుకే తెలిసేది కాదు. లోపల ఒక్క బుడగ మిగిలినా ఆ రోజు ఆవిడకు అన్నం సయించదు.

ఇద్దరి మధ్యా మాటలు లేవు. ఎప్పుడో కొట్టు నిండా జనం ఉన్నప్పుడు ఆడపడుచు నవ్వుతూ ఒక మాట అంది: "మా వదిన చెయ్యి పడితే బాగున్న గాజు కూడా బీటలిస్తుంది." జనం నవ్వారు. రంపం నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆమె ఆడపడుచుతో నేరుగా పలకడం మానేసింది. ఆవిడా తక్కువ తినలేదు, తనూ మానేసింది. కొట్టు మాత్రం ఎవరు వదులుకుంటారు? మాటలన్నీ వచ్చినవాళ్ళ మీదుగా నడిచేవి.

"బాబూ, ఆవిడగారితో చెప్పు, కత్తెర నా సొరుగులోది తీసిందేమో ఇమ్మని."

"బాబూ, ఆమెగారితో చెప్పు, ఆ కత్తెర మా అమ్మ నాకు ఇచ్చిందని."

చార్జరు కోసం వచ్చిన బాబు మెడ అటూ ఇటూ తిప్పలేక, చార్జరు కూడా వద్దని వెళ్ళిపోయేవాడు. ఎవరూ లేనప్పుడు ఇద్దరూ టేబుల్ ఫ్యానుతో మాట్లాడేవారు. ఫ్యాను ఇద్దరి మధ్యా స్టూలు మీద కూర్చుని, ఇద్దరి గోడూ విని, ఎవరి మాటా నాకు నచ్చలేదన్నట్టు తల అడ్డంగా ఊపేది.

రంపం మొగుడు లారీ డ్రైవరు. ఒకవైపు పెళ్ళాం, ఒకవైపు చెల్లెలు. పాపం ఆయనకు దూరప్రయాణాలంటే ప్రాణం. దగ్గర ఊరికి సరుకు వేస్తామంటే జ్వరం వచ్చిందనేవాడు.

గది పైఅంతస్తులో ఉండే ఓనరమ్మది. కింద గొంతు కాస్త లేచినా పైన వినిపించే కట్టడం అది. "ఇంకొక్కసారి మీ గొంతు లేచిందా, ఇద్దరి సామాన్లూ వీధిలో ఉంటాయి" అని ఆవిడ మెట్ల మీద నిలబడి చెప్పి ఉంది. ఉత్తుత్తి బెదిరింపు కాదది. పక్క బేకరీ ఆయనకు కొత్త ఓవెన్ పెట్టుకోవడానికి ఆ గది కావాలి. ఆయన నడుముకు ఒక ఇనుప టేపు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. మనుషులు లోపల ఉండగానే వచ్చి గోడలు కొలుచుకునేవాడు.

"కాస్త కాలు తియ్యమ్మా, మూల కొలవాలి."

"కాలు తియ్యను. కొలతలో కలిపేసుకో."

"ఎన్నాళ్ళులే! మీ ఇద్దరి నోళ్ళూ చల్లగా ఉంటే చాలు, గది నాకొచ్చినట్టే."

ఆ రోజు పొద్దున్నే ప్లగ్గు దగ్గర మొదలైంది. గదికి ఉన్నది ఒకటే ప్లగ్గు. రంపం గాజు వేడిచేసే గన్ను పెట్టాలంటే ఫ్యాను పీకాలి. ఫ్యాను పెట్టాలంటే గన్ను పీకాలి. ఒకరు పీకుతుంటే ఒకరు పెడుతూ, మధ్యలో ఫ్యానుకు చెప్పాల్సినవన్నీ చెబుతూ ఉంటే గొంతులు లేచాయి. పైన ఏదో దబ్బుమని పడింది. ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు. మెట్ల మీద చెప్పుల చప్పుడు దిగింది.

ఓనరమ్మ టాబ్లెట్‌ను చచ్చిన పిట్టను తెచ్చినట్టు రెండు వేళ్ళతో పట్టుకొచ్చి గల్లా మీద పెట్టింది. గాజు ఒక మూల నుంచి ఇంకో మూలకు సాలెగూడులా విచ్చుకుని ఉంది. ఆవిడ వెనకే, పిలవకుండానే, టేపుతో సహా బేకరీ ఆయన గుమ్మంలోకి వచ్చాడు.

"మీ అరుపులకు ఉలిక్కిపడి చెయ్యి జారింది. సాయంత్రం మా అక్క ఫోన్ చేస్తుంది. నాన్న ఎవరిని ఎక్కువ ముద్దుచేశాడో ఇంకా తేలలేదు. దాని మొహం చూస్తూ పోట్లాడితే తప్ప నాకు తృప్తి ఉండదు. అప్పటికి ఇది బాగవ్వాలి. కాకపోయినా, ఈలోగా మళ్ళీ అరుపు వినిపించినా, ఈ గది ఆయనది." ఓనరమ్మ వేలు బేకరీ ఆయన వైపు చూపించింది. ఆయన వినయంగా టేపు సర్దుకున్నాడు.

ఆవిడ అంతటితో ఆగలేదు. "దీనికి ఇంక ఏం కాదని ఈ గల్లా ఆవిడే చెప్పింది. చూడు ఎలా అయిందో!"

ఆడపడుచు ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. రంపానికి ఇంతకంటే మంచి అవకాశం మళ్ళీ దొరకదు.

"ఆవిడ మాటలు అలాగే ఉంటాయండీ. నమ్మితే అంతే సంగతులు." టాబ్లెట్‌ను లాక్కుని, సరిగ్గా చూడకుండానే తీర్పు చెప్పేసింది. "పైగాజు పోయింది. కింద బొమ్మ బాగానే ఉంది. గాజు మారుస్తాను. సాయంత్రానికి తీసుకెళ్ళండి."

ఆడపడుచు తెరిచిన నోరు మూసుకుంది. మూతి మూడు వంకర్లు తిప్పి, కవర్ల వైపు తిరిగి కూర్చుంది.

ఓనరమ్మ పైకి వెళ్ళింది. బేకరీ ఆయన మాత్రం, తన గదిని తను చూసుకుంటున్నట్టు, గుమ్మం బయట స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

రంపానికి ఒక అలవాటు ఉంది. పగిలిన గాజు చేతికి రాగానే, ముక్కలు ఎగరకుండా దాని మీద వెడల్పాటి జిగురు టేపు అంచుల దాకా బిగించి అతికిస్తుంది. ఆ తరువాతే మిగతా పని. ఇప్పుడూ అదే చేసింది. ఆ మోడల్ గాజు బజారులో దొరకడం మానేసి చాలా కాలమైంది. ఆమె దగ్గర ఒకే ఒక్కటి ఉంది, చచ్చిపోయిన ఒక టాబ్లెట్ నుంచి పగలకుండా ఊడదీసి సొరుగు అడుగున దాచుకున్నది. దాన్ని పాత గుడ్డలో నుంచి తీసి బల్ల అంచున ఆనించింది. తను కాబట్టి దాచింది. ఆ మహారాణి అయితే దాన్ని కూడా కవరులో పెట్టి అమ్మేసి ఉండేది.

వెనక నుంచి ఆడపడుచు గొంతు వినిపించింది, ఫ్యానుతో మాట్లాడుతూ.

"చూశావా ఫ్యానూ, కొందరికి పైనున్నదేదో కిందున్నదేదో తెలీదు. తెలీకపోయినా కత్తి పడతారు."

రంపం కూడా ఫ్యాను వైపే తిరిగింది. "చూశావా, కొందరికి పని రాదు. పనివాళ్ళను చూస్తే మాత్రం కడుపుమంట."

"అడిగితే చెప్పేవాళ్ళున్నారు ఫ్యానూ. అడిగితే నోరేమన్నా అరిగిపోతుందా?"

"అడుక్కునే ఖర్మ నాకు పట్టలేదని చెప్పు."

ఫ్యాను తల అడ్డంగా ఊపింది. రంపం చెయ్యి చాచి దాని ప్లగ్గు పీకేసింది. రెక్కలు ఆగిపోయాయి. ఉన్న ఒక్క మధ్యవర్తి నోరూ పడిపోయింది.

గన్ను వేడెక్కింది. రంపం అంచుల చుట్టూ వేడిగాలి తిప్పింది, జిగురు మెత్తబడే దాకా తిప్పింది. మెడ మీద చెమట దిగుతోంది. లోపల ఎక్కడో చిన్న గుబులు కూడా ఉంది, అయితే దాన్ని ఆమె వేడి ఖాతాలో వేసేసింది. ఇది చెడితే గది పోతుంది. గది పోతే ఈ బల్ల పోతుంది. ఆ లారీ ఆయన నెలలో సగం రోజులు కనిపించడు. ఆమె సొంతమనుకున్నది ఈ ప్రపంచంలో ఆ వంగిన చోటు ఒక్కటే. కాగితంలా పల్చటి ఉక్కు బ్లేడును తీసుకుని, ఫ్రేముకూ గాజుకూ మధ్య సందులో మొన ఆనించింది. ఇంక నొక్కడమే తరువాయి.

"వదినా! ఆపవే!"

ఎన్నో ఏళ్ళుగా ఆ గదిలో వినపడని పిలుపు అది. పైగా అది పిలుపులా లేదు, కుక్కర్ కూత పెట్టినట్టుంది. రంపం అదిరిపడింది. మోచెయ్యి బల్ల అంచుకు తగిలింది. దాచుకున్న ఆ ఒక్క గాజూ జారి నేల మీద భళ్ళుమంది.

రంపం కింద ముక్కల్ని చూసింది. ఆడపడుచును చూసింది. పగబట్టి పాతాళానికి తొక్కేసింది కదా అనుకుంది.

"చంపేశావు కదే! ఉన్న ఒక్క గాజూ..."

"గాజు ఎందుకే నీకు? పగిలింది గార్డు! నేను వేసిన గార్డు! ఆ బ్లేడు లోపలికి పోనిస్తే అసలు గాజు పగిలి చచ్చేది!"

"నువ్వెప్పుడు వేశావు?"

"నువ్వు బజారుకు పోయినప్పుడు. పైకి వెళ్ళి వేసొచ్చా. ఇంక దీనికేం కాదని చెప్పొచ్చా."

"ఎందుకు?"

"ఆవిడను మంచి చేసుకుందామని."

"నన్ను వెళ్ళగొట్టించడానికా?"

"నిన్ను కాకపోతే నన్ను నేను వెళ్ళగొట్టించుకుంటానా?"

రంపమే ఆ స్థానంలో ఉంటే అదే చేసి ఉండేది, ఇంకా ముందే చేసి ఉండేది. ఈలోగా మెట్ల మీద చెప్పులు టకటకలాడాయి. అరుపు పైదాకా వినిపించనే వినిపించింది. ఆపడానికే అరిచినా అరుపు అరుపే.

రంపం గాజు మీది జిగురు టేపు కొన పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. టేపుతో పాటు సాలెగూడంతా చర్రుమని ఊడి వచ్చింది. కింద గాజు తళతళలాడుతోంది, మచ్చ లేదు, గీత లేదు. ఊడిన దాన్ని ఆమె నలిపి బల్ల కింద చెత్తబుట్టలోకి విసిరింది. గుమ్మం బయట నుంచి మెడ చాచిన బేకరీ ఆయనకు వీధి రొదలో అరుపులే తప్ప మాటలు తెలియలేదు; ఆమె వీపు, నేల మీద ముక్కలు, ఆ వెనక తళతళలాడే టాబ్లెట్ మాత్రమే కనిపించాయి. ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

ఓనరమ్మ వచ్చి ముందు నేల వైపు చూసింది.

"అయిపోయిందా నా టాబ్లెట్?"

"మీది ఇదిగో."

ఓనరమ్మ దాన్ని తిప్పి చూసింది, వెలుతురులో పెట్టి చూసింది, గోటితో గీకింది. తప్పు దొరకనందుకు ఆవిడ మొహం మాడిపోయింది. అయినా ఇంకొకటి మిగిలే ఉంది.

"అరిచిందెవరు?"

ఆడపడుచు వెళితే కొట్టు ముందుభాగం బేకరీకి పోతుంది. ముందుభాగం పోతే వెనకభాగానికి దారేదీ? రంపం ఆ లెక్క ఓనరమ్మ కనురెప్ప వాల్చేలోపు వేసుకుంది.

"నేనే. ఈ గాజును తిట్టాను. ఎంత చెప్పినా మాట వినలేదు. మనుషుల మీద అరవద్దన్నారు గానీ వస్తువుల్ని తిట్టొద్దని మీరు అనలేదు."

ఓనరమ్మ ఆలోచించింది. రోజూ సాయంత్రం తను తిట్టేది కూడా గాజు పలకనే కదా, అందులో అక్క మొహం ఉంటుంది, అంతే తేడా. టాబ్లెట్ చంకన పెట్టుకుని మెట్లెక్కింది. బేకరీ ఆయన టేపు తీయకుండానే వెనక్కి తిరిగాడు. ఆ పూట ఆయన రొట్టెలన్నీ మాడిపోయాయి. ఓవెన్ ముందు నిలబడి ఆయన వచ్చినవాళ్ళందరికీ ఇదే కథ చెప్పాడు. పగులు దూకిందన్నాడు. దూకేటప్పుడు కీచుమందని కూడా అన్నాడు.

మెట్ల చప్పుడు ఆగాక ఆడపడుచు ఫ్యాను ప్లగ్గు మళ్ళీ పెట్టింది. రెక్కలు తిరగడం మొదలవగానే దాని వైపు వంగింది.

"చూశావా ఫ్యానూ, నా అరుపు కూడా తనదేనంటుంది. ఈ కొట్టులో నాకంటూ మిగిలింది అదొక్కటే, అదీ లాక్కుంది."

రంపం వంగి నేల మీది గాజుముక్కలు ఏరుకుంటోంది. ఎన్నాళ్ళుగానో దాచుకున్న గాజు. వేలు తెగింది. ఆ వేలు నోట్లో పెట్టుకుని రెండో చేత్తో ఏరుతూనే ఉంది. ఫ్యాను మాత్రం యథాప్రకారం ఎవరి మాటా నచ్చనట్టు తల ఊపింది.

ఆ తరువాత పగిలిన ఫోన్లు తెచ్చి "అక్కా, దీన్ని కూడా కాస్త తిట్టిపెట్టవా" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. దూరం నుంచి ఒకాయన వచ్చి, చెడిపోయిన గడియారాన్ని, దాంతో పాటు మాట వినని తన తమ్ముడిని కూడా తిట్టమన్నాడు. ఆ రోజు కొట్టు నిండా జనం ఉన్నారు. అందరూ నవ్వుతున్నారు, ముందువైపు గల్లా దగ్గర ఆడపడుచు కూడా కవర్లు సర్దుతున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించింది. రంపం బ్లేడు పక్కన పెట్టింది. కూర్చున్నచోటే ఉండి, మామూలు గొంతుతో చెప్పింది:

"పగులు ఎక్కడికీ దూకలేదు. పగిలింది పైనున్న గార్డు. పీకి చెత్తబుట్టలో వేశాను. అది గార్డని నాకు తెలీదు, చూసుకోలేదు. అరిచి ఆపింది మా ఆడపడుచు."