బీజాపూర్ రోడ్డు మీద ఆరని ఎర్రలైటు

ఫిబ్రవరి నెల, రెండో శనివారం. హాజరైనవారు: నేను, మా ఆవిడ, మా కోడలు, మా అన్న కొడుకు, పాస్టరుగారి అల్లుడు. మా అబ్బాయి ఇంట్లోనే ఉన్నాడు కానీ వాకిట్లోకి రాలేదు కనుక అతణ్ణి లెక్కలోకి తీసుకోలేదు.

నా డైరీలో ప్రతి పేజీ ఇలాగే మొదలవుతుంది. వ్యవసాయ శాఖలో విస్తరణాధికారిగా బండి మీద ఊరూరా తిరిగి రైతుల సమావేశాలు పెట్టినవాణ్ణి. ముందు తేదీ, తరువాత హాజరు, ఆ తరువాతే సంగతి. ఉద్యోగం వదిలింది గానీ అలవాటు వదల్లేదు. ఇంటికి చుట్టాలొచ్చినా హాజరు వేసుకుంటానని మా ఆవిడ నలుగురిలో నవ్వుతుంది. ఇవాళ పొద్దున కోడలు వాకిట్లో బండి నిలబెట్టి, బ్రష్షుతో చైనుకు డీజిలు పట్టిస్తూ, "మామయ్యా, ముందు బ్రేకు ప్యాడ్లు ఎప్పుడు మార్చినం?" అని అడిగింది. ఆ తారీఖు కోసం పాత డైరీలు తిరగేస్తుంటే రెండేళ్ల కిందటి ఈ పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. అడిగిన సంగతి మరిచిపోయి అక్కడే కూర్చుండిపోయాను. ఆమె బయటి నుంచి, "దొరికిందా, మళ్ల నిద్రవోయినవా?" అని కేక వేసేదాకా తెలివి రాలేదు.

మాది మొయినాబాద్ మండలంలోని హిమాయత్‌నగర్. చేవెళ్ల రోడ్డు మాకు పిలుపు దూరం. మా పెద్దలు దాన్ని బీజాపూర్ రోడ్డు అనేవారు. ఆ రోడ్డు పట్టుకుని తిన్నగా పోతే బీజాపూర్ వస్తుందని అందరికీ తెలుసు, పోయినవాళ్లు మాత్రం లేరు. ఆదివారం తెల్లవారితే పట్నం నుంచి పెద్ద పెద్ద మోటారు సైకిళ్లు ఉరుముకుంటూ ఆ దారిన పోతాయి. చాలామంది చేవెళ్లలో ఇడ్లీ తిని వెనక్కి తిరుగుతారు. వాళ్లను చూసి చూసి మా అన్న కొడుకు కూడా ఒక బండి కొన్నాడు, ఆనక ఒక గుంపును తయారుచేశాడు. మొయినాబాద్‌లో అతనిది మందుల దుకాణం. గుంపులో ఎవరి బండి దగ్గినా తుమ్మినా మందు చెప్పేదీ అతనే. మా ఊరి చర్చి పాస్టరుగారి అల్లుడు అతని జోడీ. ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబు చూసుకునే నెమ్మదైన మనిషి. మాట అడిగితే ముందు హెల్మెట్ తీసి పక్కన పెట్టి, ఆ తరువాత జవాబు చెప్పే రకం.

మా కోడలు మా వైపే ఉన్న ప్రొద్దుటూరు దగ్గర ఒక బడిలో టీచరు. షేర్ ఆటోలతో ఆమెకు పెద్ద తంటా. నిండేదాకా కదలవు, నిండిన తరువాత కదల్లేవు. ఒకరోజు అలసిపోయి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "మామయ్యా, నాకు బండి నేర్పుతరా?" అంది. మా అబ్బాయికి నేర్పబోయి ఓడిపోయిన అనుభవం నాకుంది. చిన్నప్పుడు ఒకసారి కిందపడ్డాడు, అప్పటినుంచి వాడికి బండి అంటే బస్సే. అందుకే కోడలు అడగ్గానే లోపల సంతోషించి, పైకి మాత్రం ఆలోచిస్తున్నట్టు కూర్చున్నాను. మా చుట్టుపక్కల ప్లాట్లు అమ్మే వెంచర్లకు కొదువ లేదు. ఇళ్లు ఉండవు, రాళ్లు పాతి, నల్లటి రోడ్లు మాత్రం వేసి పెడతారు. నేర్చుకునేవాళ్లకు అంతకంటే మంచి చోటు దొరకదు. నా పాత బండి మీద ఆమె క్లచ్చి వదిలినప్పుడల్లా అది కప్పలా ఎగిరి ఆగిపోయేది. ఒక్కోసారి రోడ్డు దిగి ప్లాట్లలోకి దూసుకుపోయేది. అక్కడి కాపలా మనిషి బీడీ తాగుతూ, "సారూ, ఈ ప్లాట్లు సూడనీకె ఎవ్వలొస్తలేరు గని, మీ కోడలైతే ఒక్కటి ఇడవకుంట అన్నీ సూసింది" అన్నాడు. ఆమె కిందపడిన చోటే కూర్చుని పకపకా నవ్వింది. అలా నవ్విననాడే ఆమెకు బండి వచ్చేస్తుందని నాకు తోచింది.

సొంత బండి కొనే సమయానికి గుంపంతా మా వాకిట్లో చేరి తలా ఒక సలహా ఇచ్చారు. పెద్ద బండి తీసుకుంటే మళ్లీ మార్చే పని ఉండదని కొందరన్నారు. మా అన్న కొడుకు ఒప్పుకోలేదు. "వదినే, మొదటి బండికి రెండే సూడు. కాళ్లు రెండు నేలకు ఆనాలె, కింద పడితే నువ్వొక్కదానివే లేపాలె. సోకు ఎనక సూసుకుందం" అన్నాడు. అట్లా ఒక తేలికపాటి బండి వచ్చింది. మిగతావాళ్ల బండ్ల పక్కన అది మేకపిల్లలా ఉండేది. ఆ పేరే స్థిరపడింది.

ఆ ఏడు గుంపు బీజాపూర్ పోవాలని తీర్మానించింది. కోడలు తానూ వస్తానంది. ఇంట్లో పెద్ద రచ్చ.

"బడికి పోయొస్తే సాలదా? బీజాపూర్ల ఏమున్నది?" అంది మా ఆవిడ.

"పెద్ద గుమ్మటం ఉన్నదత్తమ్మా."

"మన తాన గుమ్మటాలు లెవ్వా?"

వారం రోజులు ఆ ఇద్దరి మధ్య మాటలు కూరగాయల ధరల దగ్గరే ఆగిపోయాయి. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఆ గుంపులో ఒక పద్ధతి ఉంది. కొత్తవాళ్లు మొదటి దూర ప్రయాణానికి ముందురోజు చేవెళ్ల దాకా పోయి రావాలి. ముందు మా అన్న కొడుకు, నడుమ కొత్తవాళ్లు, అందరికంటే వెనక పాస్టరుగారి అల్లుడు. ఆ చివరివాడు సరే అంటేనే ప్రయాణం. "ముందట ఉన్నోనికి రోడ్డు కనపడ్తది, ఎనకున్నోనికి మనిషి కనపడ్తది" అని మా అన్న కొడుకు దానికి వివరణ ఇస్తాడు. మా ఆవిడ ఆ పద్ధతినే పట్టుకుంది. "ఆ పిలగాడు వద్దంటే మళ్ల ఎన్నడు ఈ మాట ఎత్తొద్దు. బండి బడికే." కోడలు "సరే అత్తమ్మా" అంది. ఆ 'సరే' ఎంత బరువో నాకు తెలుసు. ఈ ఒక్కటి పోతే ఆమె జన్మలో మళ్లీ అడగదు. మాట ఇస్తే అలా నిలబడే మనిషి.

ఆ శనివారం పొద్దున్నుంచే మా వాకిలి మెకానిక్ షెడ్డులా మారింది. చైన్లు కడిగి, తుడిచి, నూనె పెట్టారు. టైర్లలో గాలి చూశారు. అద్దాలు, నట్లు బిగించారు. "చైను నడుముకు కట్టుకున్న తాడు లెక్క కొంచెం వదులుగ ఉండాలె, మెడకు బిగిచ్చిన తాడు లెక్క గాదు" అని మా అన్న కొడుకు కోడలికి వేలితో చైను ఆడించి చూపించాడు. ఆమె ప్రతిదీ తానే విప్పి తానే బిగించింది. భోజనాలకు అందరం లోపలికి వెళ్లాం. మా ఆవిడ వడ్డించి, తాను తరువాత తింటానని వాకిట్లోకి పోయింది. కాకులు వస్తున్నాయేమో తోలడానికి పోయిందనుకున్నాను.

తిన్నాక బయలుదేరాం. నేను పాస్టరుగారి అల్లుడి వెనక కూర్చున్నాను. చూసేవాళ్లలో ఇంటి మనిషి ఒకరుంటే మంచిదని నేనే అడిగి ఎక్కాను. రోడ్డు మీద పడిన కాసేపటికే అతను తల కొద్దిగా వెనక్కి తిప్పి, "సార్, అక్క బ్రేకు మీంచి చెయ్యి తీస్తలేదు" అన్నాడు. చూశాను. ఆమె బండి వెనక ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. ఎత్తు ఎక్కుతున్నా, తిన్నగా పోతున్నా, ముందు ఒక్క బండి లేకపోయినా అలాగే ఉంది. కొత్తవాళ్లు భయంతో బ్రేకు పట్టుకునే నడుపుతారని నాకు తెలియనిది కాదు. కానీ వెంచర్లలో ఆమె ఏనాడూ అలా చేయలేదు. బీజాపూర్ అనేసరికి భయం పట్టుకుందా?

చేవెళ్లలో చాయ్ దగ్గర ఆగాం. పాస్టరుగారి అల్లుడు లైటు సంగతి చెప్పాడు. మా అన్న కొడుకు నవ్వుతూనే అన్నాడు. "వదినే, గిట్ల బ్రేకు పట్టుకొని పోతే మనం బీజాపూర్ దసరాకు చేరుతం."

"నేను బ్రేకు పట్టుకోలే."

"మరి లైటు దానంతటదే ఎలుగుతదా? దానికి నీ మీద పగనా?"

"పట్టుకోలేదంటున్న గద!" ఆమె చాయ్ గ్లాసు సగంలోనే పెట్టేసింది. పాస్టరుగారి అల్లుడు పక్కన పెట్టిన హెల్మెట్ తీసి మళ్లీ తలకు పెట్టుకున్నాడు. అది నాకు తీర్పులాగే కనిపించింది. ఆమె నా వైపు చూసింది. నమ్ముతున్నానని చెప్పాలనుకున్నాను. ఆ ఎర్రలైటు కళ్లముందు నుంచి పోక, "మెల్లగ పోదాం పదమ్మా" అన్నాను.

తిరుగు దారిలో ఆమె ఒక పని చేసింది. కుడిచేతి బొటనవేలూ అరచెయ్యీ మాత్రం హ్యాండిల్ మీద ఆనించి, మిగతా నాలుగు వేళ్లనూ దువ్వెన పళ్లలా పైకి విప్పి పట్టింది, వెనక ఉన్న మాకు కనపడేలా. ముందు బ్రేకు కుడిచేతి వేళ్ల దగ్గరే ఉంటుంది. వేళ్లు గాల్లో ఉన్నాయి. కాలు వెనక బ్రేకుకు దూరంగా ఉంది. లైటు మాత్రం వెలుగుతోంది. "సార్," అన్నాడు పాస్టరుగారి అల్లుడు నెమ్మదిగా, "అక్క అబద్ధమాడుతలేదు."

ఆ మాట పూర్తయ్యేలోపే ఆమె ఎడమ చెయ్యి ఎత్తి సైగ చేసి, బండిని రోడ్డు దింపి ఆపేసింది. మేమూ ఆగాం. ముందు పోతున్నవాడు అద్దంలో చూసి వెనక్కి తిరిగి వచ్చాడు. "బండి బరువైంది. ఎవలో ఎనక నుంచి గుంజినట్టున్నది. ఇగ నడపను" అందామె. ముందు చక్రం దగ్గర కాలిన వాసన వస్తోంది. వేడెక్కిందేమో చూద్దామని మా అన్న కొడుకు సీసాలోంచి ఒక నీటి చుక్క బ్రేకు డిస్కు మీద వేస్తే చుయ్యిమంది. ఇంకాసేపు నడిపి ఉంటే ఆ చక్రం బిగుసుకుపోయేది. వేగంలో ముందు చక్రం బిగిస్తే ఏమవుతుందో అక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు.

మా అన్న కొడుకు సామాను సంచి విప్పి ప్యాడ్లు ఊడదీద్దామంటున్నాడు. కోడలు అదేమీ వినకుండా హ్యాండిల్ మీదికి వంగి బ్రేకు లివరు మొదలు దగ్గర వేలు పెట్టి తడిమింది. రబ్బరు తొడుగు కింద, లివరు కదిలే సందులో, నల్లదారం చుట్లు చుట్లుగా బిగించి ఉంది. అడుగున ఒక చిన్న రాగి తాయెత్తు. దారం అడ్డుపడి లివరు పూర్తిగా వెనక్కి రావడం లేదు. అంటే ఎవరూ పట్టుకోకుండానే బ్రేకు కొద్దికొద్దిగా పడుతూనే ఉంది, లైటు వెలుగుతూనే ఉంది. మూడు సంచుల పనిముట్లలో దాన్ని కోయడానికి ఒక్క కత్తెరైనా లేదు. ఆమె జడలోని పిన్ను తీసి, మూడు ముళ్లలో దూర్చి, ఓపిగ్గా విప్పింది. చివరి చుట్టు ఊడగానే లివరు టక్కున వెనక్కి వచ్చింది. లైటు ఆరిపోయింది. డిస్కు చల్లారాక ముందు చక్రం ఎత్తి తిప్పితే గాలిపంకాలా తిరిగింది.

"ఎవలు కట్టిండ్రే ఇది?" అన్నాడు మా అన్న కొడుకు. దూడల మెడకు మువ్వలు కట్టేటప్పుడు వేసే ఆ మూడు ముళ్లు మా ఇంట్లో ఎవరివో నాకు తెలుసు. కోడలికీ తెలుసు. దారాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ, "నేనే కట్టుకున్న. దిష్టి తగులుతదని" అంది.

"టీచరమ్మవు, నీకేం దిష్టే!"

"నా బండిని రోజూ మేకపిల్ల అనేటోళ్లు ఉన్నరు గద."

నవ్వులయ్యాక అందరం పాస్టరుగారి అల్లుడి వైపు చూశాం. అతను హెల్మెట్ తీసి బండి మీద పెట్టాడు. "మనకు లైటు కనపడ్డది. అక్కకు బండి తెల్సింది. మనమందరం తప్పు నీదే అంటున్నా ఆపాల్సిన కాడ ఆపింది. నాకైతే ఇంకేం సూసేది లేదు. రేపు రావాలె అక్కా." నేను పక్కనున్న మైలురాయి మీద కూర్చున్నాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గేటు దగ్గరే ఉంది. కోడలు బండి దిగి జేబులోంచి దారం తీసి అత్త చేతిలో పెట్టింది. మా ఆవిడ దారాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "తెంపినవా? దర్గాల సదివిచ్చి తెచ్చిన." "తెంపలే అత్తమ్మా, ఇప్పిన. అది బండికి కట్టేది గాదు. బండి ఆగుతది." ఎంత ప్రమాదం తప్పిందో చెప్పలేదు. అది నేను తరువాత మా ఆవిడకు చెప్పాను. కోడలు తన కుడిచేతి మణికట్టు చాచి, "గీడ కట్టు" అంది. మా ఆవిడ కట్టింది. మూడు ముళ్లూ వేసింది, కాస్త వదులుగానే.

మర్నాడు వెలుగు రాకముందే వాళ్లు బయలుదేరి వెళ్లిపోయారు. మా అబ్బాయి ఆమె సంచి బండికి కట్టి, రెండుసార్లు ఊపి చూసి లోపలికి వచ్చాడు. మా ఆవిడ వాకిలి ఊడ్చింది, మళ్లీ ఊడ్చింది. నేను పేపరు ముందు పెట్టుకుని చదవలేకపోయాను. పొద్దు బాగా ఎక్కాక కొడంగల్ నుంచి ఫోను వచ్చింది. మా ఆవిడే ఎత్తింది. తిన్నావా అనలేదు, అలసిపోయావా అనలేదు. "బండి మంచిగున్నదా?" అని అడిగింది. అవతల కోడలు ఏదో చెబుతుంటే వింటూ వింటూ గడప మీద కూర్చుంది. ఫోను పెట్టేశాక నా వైపు తిరిగి, మామూలుగానే అంది: "నువ్వు ఊర్లు తిరిగిన దినాలల్ల ఫోను గూడ లేకుండె." ఆ తరువాత లోపలికి పోయి పడుకుని హాయిగా నిద్రపోయింది. ఆ వేళప్పుడు ఆమె నిద్రపోవడం నేనెన్నడూ చూడలేదు. బండి మీద ఉన్నవాడికి పొద్దు పరుగెత్తుతుంది, గడప మీద ఉన్నవాళ్లకు అది కాలీడ్చుకుంటూ నడుస్తుంది. ఉద్యోగమంతా బండి మీది పొద్దులో గడిపినవాణ్ణి, ఆ ఉదయం మా ఆవిడ పక్కన గడప మీది పొద్దులో కూర్చున్నాను.