ట్వంటే కాలవలో తిమింగలం

పడవ బురదలో కూరుకుపోయింది. దిగి తోస్తున్నాం, నేనూ, పడవాయనా, ఇంకో ముసలాయనా. నా చెప్పు ఒకటి అక్కడే పోయింది. మామ్మ కట్టిచ్చిన పసుపు పొట్లాన్ని మాత్రం తడవనివ్వలేదు.

పొద్దున్న ఏడింటికి సిటీలో మా పేట లత నుంచి బయల్దేరాను. లాంచీ మీద నది దాటితే దలా, అక్కణ్ణుంచి బస్సులో ట్వంటే, ఆపైన కాలవ మీద పల్లెకి ఈ పడవ. ట్వంటే బస్టాండులో మొహింగా, అదే చేపల పులుసులో సేమ్యా, బాగుంటుంది, వెళ్లేవాళ్లు తినే ఎక్కండి. బస్సులో పక్కన కుండలమ్మే ఆవిడ కూర్చుంది. తిమింగలాన్ని చూడ్డానికి వెళ్తున్నానంటే, ఇంకా బతికే ఉందా అని అడిగింది. అప్పటిదాకా నాకు ఆ అనుమానమే రాలేదు.

ఆ పల్లెలో మా పిన్ని వాళ్లు వరి పండిస్తారు. పెద్ద పోటుకి కాలవలోకి వచ్చిన తిమింగలం పిల్ల, నీరు తీశాక మడుగులో చిక్కుకుపోయిందని పిన్ని ఫోన్ చేసింది. ఈ సాయంత్రం పోటు దాటితే మళ్లీ అంత నీరు రావడానికి రెండు వారాలు పడుతుందట. తిమింగలం రూపంలో గంగమ్మ గుమ్మంలోకొస్తే నెత్తిన పసుపు నీళ్లు పొయ్యాలని మామ్మ పట్టు. తను నడవలేదు కాబట్టి నన్ను పంపింది.

వెళ్లేసరికి మన తెలుగిళ్ల ఆడవాళ్లు పడవల్లో దాని చుట్టూ మూగి చెంబులతో పసుపు నీళ్లు పోస్తున్నారు. నల్లటి వీపు, తల మీద ఒక చీలిక. అది తెరుచుకోబోతుంది, నీళ్లు పడగానే బిగుసుకుపోతుంది. ఉత్తర ధ్రువ సముద్రంలో మంచు మూసుకుపోయి, మిగిలిన ఒక్క కన్నంలోంచి తిమింగలాలు వంతులవారీగా ఊపిరి తీసుకోవడం నేను ఫోన్‌లో చూశాను.

"పిన్నీ, అది నెత్తి కాదు. ముక్కు."

"నెత్తి మీద ముక్కేటే? ఫోన్లో సూసి నాకు సెప్తన్నావా?"

అంతలో అది బుస్సుమని ఊదింది. పిన్ని మొహమంతా పసుపు తుంపర. చెంబు కింద పెట్టేసి కాసేపు దాన్నే చూసింది. తర్వాత అందరితో మెల్లిగా అంది, "పడవలు తీసీండే. ఊపిరాడనీండి దానికి."

చీకటి పడకముందే పోటు వచ్చింది. అందరం గట్టెక్కి చూస్తున్నాం. వీపు మలుపు దగ్గర ఒకసారి తేలింది, ఆ తర్వాత నీళ్లే.

"ఎల్లిపోనాదేటే?" అంది పిన్ని. వెళ్లిపోయిందన్నాను. రాత్రి పిన్ని చేపల పులుసు పెట్టింది. ఇద్దరం రెండోసారి అన్నం వడ్డించుకున్నాం.

మర్నాడు పొద్దున్న దలా లాంచీ నది మధ్యకి వచ్చాక, సముద్రం ఎటువైపని పక్కాయన్ని అడిగాను. టీ గ్లాసులో నీళ్లు పట్టి, మామ్మ ఇచ్చిన పసుపు కలిపి అటే పోశాను.