సినిమా నచ్చలేదని చెప్పలేక

ఒక సినిమా నచ్చలేదని చెప్పడానికి మొహం చెల్లక, నన్ను అక్కా అని పిలిచిన మనిషికి ఊళ్లో నిలువ నీడ లేకుండా చేశాను. ఈ ముక్క రాయడానికి నాకు ఏళ్లు పట్టింది. మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. మీకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరగరు కాబట్టి. రేపు పొద్దున మీకు కాఫీ ఇస్తూ మీ మొహంలోకి చూడాల్సిన పని నాకు లేదు.

బస్తర్‌లో ఇనుప గనుల టౌన్‌షిప్ మాది. మా ఆయన ఉద్యోగం కోసం శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నేను బడిలో టీచర్ని. నాలుగు పుస్తకాలు చదివినదాన్నని టౌన్‌షిప్‌లో నాకో పేరు. క్లబ్బులో ఏ కార్యక్రమం జరిగినా మైకు నా చేతికే ఇచ్చేవారు. నాకూ అది ఇష్టమే, దాచడమెందుకు?

ఆ సినిమాకి అవార్డులొచ్చాయి. మా అడవుల్లో కొడుకుని పోగొట్టుకున్న ఒక తల్లి కథ. పేపర్లన్నీ ఆకాశానికెత్తేశాయి. ఆదివారం మధ్యాహ్నం క్లబ్బులో వేస్తున్నారంటే ఇంటింటికీ వెళ్లి పిలిచింది నేను. చూడకముందే స్టేజీ ఎక్కి, ఇది చూశాక మనం మునుపటి మనుషులుగా ఉండలేమని ఊదరగొట్టిందీ నేనే.

చూశాను. ఏమీ అనిపించలేదు. చుట్టూ అందరూ ముక్కులు చీదుతున్నారు. తెర మీద ఆ తల్లి వానలో నిలబడి అలా చూస్తూనే ఉంది. నేను ఫ్యాను కేసి చూశాను. నాకేమైంది? ఇంతమందికి కనిపించింది నాకెందుకు కనిపించడం లేదు? చదివిందంతా పైపైనేనా, లోపల ఏమీ లేదా, లేక నేనే ముందుగా అంత గొప్పగా చెప్పేసుకుని ఇప్పుడు దేనికీ కదలకుండా అయిపోయానా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. లైట్లు వేసేసరికి కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. తడి లేదు.

ఇంటికి నడుస్తుంటే పక్కన ముత్తమ్మ. అసలు పేరు అది కాదు. తెలంగాణ సరిహద్దు అడవుల్లో పామేడు వైపు పిల్ల, మా బడిలో కొత్తగా టీచరుగా చేరింది. తెలుగు మాట్లాడే తోడు దొరికిందని నా వెంటే తిరిగేది.

"నచ్చిందా అక్కా?"

"నీకు?"

"నాకైతే నచ్చలే. గదేంది అక్కా, గంతసేపట్ల ఒక్కలు నవ్వరు, ఒక్కలు కొట్లాడరు. మా ఊళ్లల్ల మనుషులు గట్లనే ఉంటరా?" అని, గొంతు తగ్గించింది. "మా తమ్ముడు గుండు తగిలి సచ్చిపోయిండు. ఈడ ఎవ్వలికి చెప్పలే, నీకే చెప్తున్న. ఆనాడు గూడ మా అమ్మ ఏడ్సుకుంటనే, కోళ్లను గంప కింద కమ్మినవా లేదా అని నన్ను తిట్టింది."

నా ఒళ్లు జలదరించింది. సినిమా అంతా చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది. "నాకూ నచ్చలేదే" అన్నాను. నిజమే చెప్పాను.

మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో అదే గొడవ. ఎవరెంత ఏడ్చారో చెప్పుకుంటున్నారు. ముత్తమ్మ తనకు నచ్చలేదంది. మీవాళ్ల బాధ చూపిస్తే నీకే నచ్చకపోవడమేమిటని పెద్ద మేడమ్ చురక వేసింది. ముత్తమ్మ నవ్వుతూ నా వైపు తిరిగి, అక్కకూ నచ్చలేదు, అడగండి అంది హిందీలో.

అందరూ నన్ను చూశారు. అవునంటే ఏమయ్యేది? నాలుగు రోజులు నవ్వుకునేవారు. అంతే కదా! అయినా నోరు అటు పోలేదు. "పాపం, ఆమెనేమీ అనకండి. తమ్ముడు తుపాకీ గుండుకి పోయాడు. ఆ బాధలో సినిమా సరిగా చూడలేకపోయింది" అన్నాను. ఎంతో మెత్తగా అన్నాను. నోరు జారిందని చెప్పుకోవడానికి కూడా లేదు. మాటలు ఏరుకుని మరీ అన్నాను.

ఎవరి గుండు, అని అడిగాడు హిందీ సారు.

ఇక్కడ బతికేవాళ్లకి ఆ ప్రశ్న తెలుసు. పోలీసుల గుండైతే తమ్ముడు అడవిలోవాడు. అడవిలోవాళ్ల గుండైతే తమ్ముడు పోలీసులకి కబుర్లు మోసినవాడు. ఏదైనా సరే, ఆ ఇంటి మనిషితో మనకెందుకొచ్చిన గొడవ అనుకుంటారు. ముత్తమ్మ టిఫిన్ డబ్బా మూత పెట్టేసి క్లాసుకి వెళ్లిపోయింది. నీది ఎంత మంచి మనసంటూ పెద్ద మేడమ్ నాకు టీ పోసి ఇచ్చింది. తాగాను.

బడిలో ఎవరూ ఆమెను పొమ్మనలేదు. పక్కన కూర్చోవడం మానేశారు. ట్యూషన్‌కి పిల్లల్ని పంపడం మానేశారు. చుట్టాలొస్తున్నారని ఇల్లుగలావిడ గది ఖాళీ చేయమంది. నేను వేరే దారిన ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాను. తిడుతుందని భయమా? కాదు. తిట్టదేమోనని. ఎండాకాలం సెలవులయ్యాక ఆమె రాలేదు.

చాలా రోజుల తర్వాత జగదల్‌పూర్ బజార్లో ఎదురైంది. బట్టల దుకాణంలో పని చేస్తోందట. "బాగున్నరా మేడమ్?" అంది. అక్కా అనలేదు. బాగున్నానని చెప్పి ఆటో ఎక్కేశాను. మొన్నీమధ్య ఎవరో ఆ సినిమా మాటెత్తితే, అబ్బ, ఎంత ఏడ్చానో అన్నాను.

ఇది రాస్తుంటే కూడా ఏడుపు రావడం లేదు. మిమ్మల్ని క్షమించమని అడగను, ఆ పని మీది కాదు. ఉన్నది ఉన్నట్టు ఒక్కసారి రాసుకోనివ్వండి, కాస్త ఊపిరాడుతుంది. ఆ సినిమా నాకు నచ్చలేదు. ముత్తమ్మ దాన్ని సరిగానే చూసింది. ఆనాడు స్టాఫ్‌రూమ్‌లో ఈ రెండు ముక్కలు అని ఉంటే, ఆమె తమ్ముడు మా ఇద్దరి మధ్యే ఉండిపోయేవాడు.