నూట ఇరవై సైకిళ్ళూ మా అత్త ఉలవలూ

ఇంతవరకు నేనెవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ కాగితం రాసింది నేనే. ఈ మాట డైరీలో కూడా ఒప్పుకోలేదు (డైరీని మా తమ్ముడు చదువుతాడేమోనని అనుమానం).

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు, నాలుగేళ్ళ కిందట నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నప్పుడు, మాట్లాడటం కంటే రాయడం నాకు వెయ్యి రెట్లు తేలిక. బస్సులో "ఆపండి" అనలేక, తర్వాతి స్టాపులో ఇంకెవరైనా దిగితే వాళ్ళ వెనకే దిగి, కిలోమీటరున్నర వెనక్కి నడిచి వచ్చేదాన్ని. పుస్తకాల్లో ఇలాంటి అమ్మాయిలను మితభాషి అంటారని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. మా అత్త మాత్రం మూగెద్దు అనేది. చదువు కోసం నేనుండేది ఆవిడ దగ్గరే, పొందూరు దాటాక వచ్చే మా మావయ్య వాళ్ళ ఊళ్ళో. అత్తకు అక్షరమ్ముక్క రాదు. అయినా నా రాతపిచ్చి చూసి, ప్రతి పేజీ మూలా నెమలి బొమ్మ ఉన్న డైరీని తీర్థంలో, అంటే తిరనాళ్ళలో, తనే ఏరి కొనిచ్చింది.

ఆ చలికాలం మా జిల్లాల మీదుగా పెద్ద సైకిల్ పందెం జరిగింది. అయిదు రోజులు, రోజుకో అంచె. తొక్కేవాళ్ళు సరదాకి తొక్కేవాళ్ళు కాదు, అదే వృత్తిగా బతికేవాళ్ళు. మూడో అంచె విజయనగరంలో మొదలై మా ఊరి మీదుగా కళింగపట్నం సముద్రం ఒడ్డుకు వెళ్తుంది. మా కాలేజీలో ఆటలు చూసే పీడీ సారు దారి పొడుగునా విద్యార్థులను కాపలా పెట్టారు. వద్దనడం చేతకాదు గనుక నేనూ అందులో ఉన్నాను. నాకో పసుపు కోటు, ఒక ఈల ఇచ్చి, "అమ్మా, మీ ఊరు నీ బాధ్యత. ముందు రోజే ఇంటింటికీ వెళ్ళి నోటితో చెప్పు. తొమ్మిదింటికి రోడ్డు మీద కోడి కూడా ఉండకూడదు" అన్నారు.

ఇంటింటికీ వెళ్ళడం! నోటితో చెప్పడం! డైరీలోంచి కాగితాలు చింపి, చక్కటి దస్తూరీతో ముప్పై చీటీలు రాశాను. "రేపు ఉదయం తొమ్మిది గంటలకు మన రోడ్డు మీదుగా నూట ఇరవై సైకిళ్ళు, వాటి వెనక ముప్పై కార్లు వెళ్ళనున్నాయి. గ్రామస్థులందరూ పెద్దమనసుతో సహకరించగలరని ఆశిస్తున్నాం." రోడ్డు మీద ఏమీ పెట్టకండి అని కూడా రాయబోయాను గానీ, పెద్దవాళ్ళకు ఆజ్ఞాపించినట్టు ఉంటుందని మానేశాను. సహకరించడంలో అన్నీ వస్తాయి కదా అనుకున్నాను. అందరూ పొలాల్లో ఉన్న వేళ చూసి, తలుపు సందుల్లో చీటీలు దోపి, ఇంటికొచ్చి హాయిగా పుస్తకం తెరిచాను.

ఇక్కడ ఉలవల సంగతి చెప్పాలి. మా వైపు ఉలవ పంట కోసి ఎండబెట్టాక, ఆ మొక్కలను తారు రోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే బళ్ళు తొక్కితే కాయలు పగిలి గింజలు రాలతాయి. కర్రలతో కొట్టే చాకిరీ తప్పుతుంది. కానీ మా ఊరికి వచ్చేది రోజుకు రెండు బస్సులు, ఒక పాల వ్యాను. ఒక్కొక్కరి పంట నూర్చడానికి మూడేసి రోజులు పట్టేది. అలాంటి ఊరికి నూట ఇరవై సైకిళ్ళు, ముప్పై కార్లు వస్తున్నాయని నేను రాసి ఇచ్చాను.

మర్నాడు నేను లేచేసరికి అత్త ఇంట్లో లేదు. పసుపు కోటు తొడుక్కుని పావుతక్కువ తొమ్మిదికి వెళ్ళి చూస్తే రోడ్డు కూడా లేదు. బడి దగ్గర నుంచి కాలువ వంతెన దాకా మోకాలెత్తున ఉలవ మొక్కలు పరుపులా పరిచి ఉన్నాయి. ఊరంతా చేటలు పట్టుకుని పెళ్ళివారి కోసం నిలబడ్డట్టు అటూ ఇటూ నిలబడి ఉంది.

"ఏటే గుంటా, తొమ్మిదికే గదా? ఆలీసం సెయ్యరు గదా?" అంది అత్త. "అందరిదీ ఏసేసినాం. ఒక్క కాయ మిగల్దు."

"అత్తా, అది కాదు..."

"ఏటి కాదు? గట్టిగా సెప్పు!"

అంతలో పీడీ సారు మోటారు సైకిలు మీద వచ్చి, చూసి, దిగడం మరిచిపోయారు. "ఇలా పరవమని ఎవరు చెప్పారు?"

ఊరందరికీ బావ వరసయ్యే కిరాణా కొట్టాయన జేబులోంచి చీటీ తీశాడు. "మీరే గదండీ పంపించినారు! పెద్దమనసుతో సహకరించమన్నారు. సహకరించినాం."

సారు చీటీ తిరగేశారు. సంతకం లేదు. నేను నా ఈల వైపు శ్రద్ధగా చూసుకున్నాను.

"పావుగంటలో వచ్చేస్తారు! ఈ గింజల మీద టైరు నిలవదు. వంతెన దిగేచోట ఒకడు పడ్డాడంటే వాడి మీద వందమంది పడతారు. నేను ఎదురెళ్ళి ఆపగలనేమో చూస్తాను, నువ్వు ఇదంతా తీయించు!" అని నాతో అని వెళ్ళిపోయారు.

ఈల ఊదాను. గాలి వచ్చింది. మళ్ళీ ఊదితే మోగింది. ఒకావిడ తలెత్తి, "బస్సేమోలే" అంది. వంతెన మీద నుంచి జారి పడే మనుషులు, విరిగే ఎముకలు, అంతా నా చక్కటి దస్తూరీ వల్లే. ఆ తర్వాత నాలోంచి వచ్చిన గొంతు ఎవరిదో నాకు తెలియదు. అందులో ఒక్కటీ పుస్తకాల మాట లేదు.

"అత్తా! బేగి ఎత్తీయండే! జారి పడితే సచ్చిపోతారే ఆ గుంటలు! రోడ్డు మీద ఒక్క కాయ కనబడితే నానూరుకోను!"

ఊరంతా నావైపు తిరిగింది. చేటలు ఆగిపోయాయి.

"ఓలమ్మో! ఈ గుంటకి గొంతుకున్నాదే!" అంది అత్త. వెంటనే వెనక్కి తిరిగి, "సూస్తారేటి, ఎత్తండి!" అని గదిమింది.

ఎత్తారు. చీర చెంగుల్లో, టార్పాలిన్లలో, మంచాల మీద. మావయ్య ఏకంగా లుంగీలో ఎత్తబోతే అత్త ఆపింది. నేను చీపురు పట్టుకుని ఊడుస్తూ, అరుస్తూ, మళ్ళీ ఊడుస్తూ వంతెన దాకా వెళ్ళాను. చివరిసారి ఊడ్చి పక్కకు గెంతానో లేదో, పోలీసు బండి హారన్ వినిపించింది. (సారు వాళ్ళను ఆపలేకపోయారని, ఎవరూ ఆయన మాట వినలేదని తర్వాత తెలిసింది. ఆ బాధ నాకు బాగా అర్థమైంది.) తేనెటీగల గుంపు వచ్చినట్టు ఒక రొద, రంగులు, ఒక గాలి విసురు. అంతే. ఒక్కరూ పడలేదు.

"అయిపోనాదా?" అంది అత్త. "సైకిలు తొక్కినందుకు జీతాలిస్తారట" అని కొట్టు బావ చెబితే, "ఏటి జీతం? నిలబడి ఓ మాటైనా ఆడనేదు" అని పెదవి విరిచింది. వెనకాలే కార్లు వచ్చాయి. ఆ ముప్పై కార్లనూ కళ్ళతోనే సాగనంపుతూ, "ఉత్తినే ఎలిపోతన్నాయే!" అని అత్త పడ్డ బాధ ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

ఆ రోజు డైరీలో ఒకటే వాక్యం రాశాను: ఇవాళ అరిచాను.

ఇప్పుడు విజయనగరంలో ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. వెనక బెంచీ దాకా వినబడుతుంది. అయినా బస్సులో "ఆపండి" అనే ముందు ఇప్పటికీ ఒకసారి గొంతు సవరించుకుంటాను. అప్పుడు, ముప్పై చీటీలు దోపి వచ్చి నిశ్చింతగా పుస్తకం తెరిచిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త బెంగగానూ ఉంటుంది. మొన్న ఆదివారం అత్త దగ్గరికి వెళ్ళినప్పుడు, ఆ సైకిల్ పందెం ఈ ఏడు మళ్ళీ మా ఊరి మీదుగా వస్తోందట, ఊరి బాధ్యత మళ్ళీ నన్నే చూడమని సారు ఫోన్ చేశారని చెప్పాను. అత్త చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"రానీ. ఈసారి నెమలిబొమ్మల కాయితాలు సింపకే గుంటా. నోటితోటి సెప్పు."