రంపె తోలు మీద ఉన్నంతసేపు

పోయిన వారం నిజామాబాదులో నా కుడికంటికి శుక్లం తీశారు. పొద్దున వెళ్లి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి పప్పన్నం తిన్నాను, అంతే. మర్నాడు కట్టు విప్పగానే నాకు ముందుగా కనిపించింది డాక్టరమ్మ మొహం కాదు, పక్కన నిలబడ్డ నర్సు చెప్పు మీది కుట్టు, అందులో రెండు పోట్లు తప్పిపోయి ఉండటం. నేనెందుకు నవ్వుతున్నానో ఆ పిల్లకు అర్థం కాలేదు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మా బాపు గుర్తొచ్చి కళ్లు చెమర్చబోతే, కంట్లో వేసిన చుక్కల మందు కొట్టుకుపోతుందేమోనని బలవంతాన ఆపుకున్నాను.

మాది బోధన్‌లో గుర్రాల జీనులు, కళ్లేలు కుట్టే ఇల్లు. మా ఆయన ఇల్లరికం వచ్చి చక్కెర ఫ్యాక్టరీలో పనికి పోయేవాడు కనుక పెళ్లయినా నేను పుట్టింట్లోనే ఉండిపోయాను. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేదాన్ని. బాపు తోలు కోసేవాడు, అవ్వ దారానికి మైనం పట్టించేది, నేను ఆ దారం రెండు కొసలకూ రెండు సూదులు గుచ్చి ఒకే రంధ్రంలో అటొకటి ఇటొకటి పోనిచ్చి కుట్టేదాన్ని. అలా కుడితే ఒక పోటు తెగినా పక్క పోటు కదలదు. తడిపిన తోలు మీద మొద్దు ఉలితో గీసి, చుట్టూ చిన్న చెక్క గూటంతో అణగ్గొట్టి పూలూ తీగలూ లేపడం కూడా నా పనే. చెయ్యనిది కోత ఒక్కటే. తోలు కోసే కత్తిని మేము రంపె అంటాం, దాన్ని ఆడవాళ్లు ముట్టేవాళ్లు కాదు. రంపె తోలు మీద ఉన్నంతసేపు ఇంట్లో ఎవరూ నోరు మెదపకూడదన్నది మా తాతల నాటి కట్టుబాటు, ఎందుకంటే చెయ్యి ఒక్క వెంట్రుకవాసి జారినా తోలు పట్టా మొత్తం పాడవుతుంది. మా అవ్వ అయితే ఆ కాసేపూ దగ్గు కూడా కొంగులో దాచుకునేది.

అలాంటి రోజుల్లో చెరకు ఇన్‌స్పెక్టరు సాబు మా ఇంటికి వచ్చాడు. ఆయన గుర్రం మీద రెంజల్, కోటగిరి వైపు చెరకు తోటల్లో తిరిగేవాడు, చెరకు ఆకు కోసుకుపోయి ఆయన కాళ్ల నిండా గీతలు. నడుము నుంచి మడమ దాకా ప్యాంటు మీద తొడుక్కునే తోలు కాళ్లతొడుగులు కావాలన్నాడు, ముందు వైపు చెరకు గడల బొమ్మ చెక్కాలన్నాడు. హైదరాబాదు నుంచి తంగేడు బెరడుతో పదును చేసిన పట్టా ఒకటి తనే తెచ్చిచ్చాడు. అలాంటిది బోధన్‌లో మళ్లీ దొరకదు.

ఇటువంటి తొడుగు బయటి అంచున బకిల్సు ఉంటాయి, లోపలి అంచు నున్నగా ఉండాలి, లేకపోతే గుర్రం డొక్క ఒరుసుకుపోతుంది. అందుకని అట్టతో ఒక కొలత చేసి, ఒక పక్క సున్నం బొట్టు పెట్టి, ఎడమ కాలికి బొట్టు పైకి, కుడి కాలికి బొట్టు కిందికి ఉండేలా తిప్పి కోయాలి. బాపు మొదటి ముక్క కోసి, రంపెను పట్టా మీదే ఉంచి, అట్టను తిప్పాడు. తర్వాత దాని దుమ్ము దులిపి, ఏదో ధ్యాసలో మళ్లీ తిప్పాడు. తెల్లటి బొట్టు మళ్లీ పైకే వచ్చి నా కళ్లకు ఎదురుగా కనిపించింది. చెబుదామని నోటిదాకా వచ్చింది, కానీ రంపె తోలు మీద ఉంది. బాపుకు తెలియదా, నాకేనా తెలిసింది అని నాకు నేనే సర్దిచెప్పుకుని పెదాలు బిగించుకున్నాను. ఆయన రెండో ముక్క కూడా కోసేశాడు.

అప్పుడు రెండు ముక్కల అంచులనూ వేళ్లతో తడిమి చూశాడు. ఇంకోసారి తడిమాడు. రెండూ ఎడమ కాలివే. తోలుకు నునుపు ఒక వైపే కనుక తిరగేసే దారి కూడా లేదు. పెరట్లోకి వెళ్లి గోలెం పక్కన కూర్చున్నాడు. నేను వెనకాలే వెళ్లి తల వంచుకుని నిలబడ్డాను.

"జూసినవా బిడ్డా?"

"జూసిన బాపు. రంపె తోలు మీదుండె గద."

బాపు గోలెంలో నీళ్లు తీసుకుని మొహం కడుక్కున్నాడు. తర్వాత మెల్లగా, "ఏడాది సంది నాకు గా బొట్టు కనవడ్తలేదు. చేతి అలవాటు మీద కోస్తున్న," అన్నాడు. చూపు పోయిందని బయటపడితే ఇంక ఎవరూ తోలు తెచ్చివ్వరని అవ్వకు కూడా చెప్పలేదట. నాకు కోపం వచ్చింది, ఆయన మీద కాదు, నా నోటి మీద.

కుడి ఎడమలు వేరు కనుకనే కదా ఈ చిక్కంతా అనుకుంటుంటే, దండెం మీద ఆరేసిన అవ్వ రవికె కనిపించింది. ముందు ముడి వేసుకునే ఆ రవికెకు గుండీలు లేవు కనుక ఏ వైపైనా ఒకటే. బకిల్సు అంచు రెండు ముక్కలకూ తీసేసి, వెనకాల తోలు తాడుతో అల్లి బిగిస్తే ఏ కాలిదైనా ఒకటేనని చెప్పాను. బాపు వేళ్లతో కొలిచి చూసి, వెనక రెండు వేళ్ల సందు మిగులుతుంది, అది తాడుకు సరిపోతుందన్నాడు. అంచులు ఆయన తీస్తుంటే ఈసారి నేను పక్కన కూర్చుని, ఇటు, అటు అని చెబుతూనే ఉన్నాను. మా ఇంట్లో రంపె ఆడుతుండగా మాట వినిపించడం అదే మొదలు. అవ్వ గుండెల మీద చెయ్యి వేసుకుని చూసింది.

సాబు వచ్చిన రోజు, ఆయన తొడుక్కోకముందే, తప్పు తనదని బాపు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సాబు మొహం చిన్నబుచ్చుకుని, తొడుక్కుని, గుర్రమెక్కి కాలువ గట్టు వెంట పోయాడు. తిరిగొచ్చేదాకా మేం ముగ్గురం వాకిట్లోనే నిలబడ్డాం. వస్తూనే గుర్రం దిగకుండా, "ఎనకకెల్లి గాలి తగుల్తుంది ఉస్తాద్, మస్తుగుంది," అన్నాడు. అవ్వ అరుగు మీద కూలబడి ఏడ్చేసింది. నా సంగతి చెప్పాలంటే, అంత నిమ్మళం నా పెళ్లిలో మూడు ముళ్లు పడ్డప్పుడు కూడా కలగలేదు.

ఆ సాయంత్రం బాపు రంపెను తుడిచి నా చేతిలో పెట్టాడు. "మనింట్ల ఇంకా కండ్లున్నయ్ బిడ్డా, ఇగ నువ్వే పట్టు," అన్నాడు. దాచుకోవాల్సింది ఏమీ మిగలనందుకేమో, ఆ రాత్రి ఆయన గురక వీధి దాకా వినిపించింది.

కళ్లు చూపించుకోమంటే మాత్రం వినలేదు. బతుకంతా కత్తితో బతికిన మనిషి, కంటి దగ్గరికి కత్తి అనేసరికి వణికేవాడు. తర్వాత పదేళ్లకు పైగా నేనే కోశాను. ఇన్‌స్పెక్టర్లు మోటారు సైకిళ్లెక్కాక జీనులు అడిగేవాళ్లు లేకపోయారు, రంపె ట్రంకు పెట్టెలోకి చేరింది. ఇవాళ ఒక్కపూటలో చూపు వచ్చేస్తోంది, మంచిదే. మా బాపుకు కూడా అది ఒక్కపూట పనే అయి ఉంటే ఆ సున్నం బొట్టు ఆయనకే కనిపించేది, రంపె ఎప్పటికీ నా చేతికి వచ్చేది కాదు. ఇది అనుకోగానే, ఆటోలో ఆపుకున్న కన్నీళ్లు ఇప్పుడు వచ్చేశాయి.