బెల్లం ముక్కా, ఆపేసిన ఫ్యానూ

కంపెనీ బస్సు కూర్మన్నపాలెం దాటుతుండగా నాకు ఊపిరి అందలేదు. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, గాలి మొహానికి కొడుతోంది. అయినా లోపలికి వెళ్లడం లేదు. నాతో పనిచేసే అప్పలరాజు నా వీపు రాసి, జేబులోంచి బెల్లం ముక్క తీశాడు.

"నవులు బావా. గుండెల్లో పొడంతా లాగేత్తాది."

అచ్యుతాపురంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో మా ఇద్దరిదీ ఒకటే పని: బస్తాలు కోసి, పొడిని మందు తయారయ్యే పెద్ద తొట్టి, రియాక్టర్‌లో పోయడం. పోసినప్పుడల్లా అది తెల్లటి పొగలా లేస్తుంది. షిఫ్టు దిగేటప్పుడు కంపెనీ మనిషికో బెల్లం ముక్క పెడుతుంది. తిన్నది పొట్టలోకి, పీల్చింది ఊపిరితిత్తుల్లోకి పోతుందని నేను ఎన్నోసార్లు చెప్పాను.

"దేవుణ్ణి నమ్మవు, బెల్లాన్నీ నమ్మవు. అందుకే దగ్గు నీకే వొచ్చింది" అన్నాడు అప్పలరాజు. బస్సంతా నవ్వింది.

మా వీధి డాక్టరు కఫం టెస్టు, ఎక్స్‌రే, ఈసీజీ చేయించాడు. అన్నీ నార్మల్. "డస్ట్ అలర్జీ" అని సిరప్ రాశాడు. ఏ డస్టో అడగలేదు. దగ్గు తగ్గక ఛాతీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చూసి ఆమె అడిగింది: "సెలవు రోజుల్లో ఎలా ఉంటుంది?"

"బాగుంటాదండీ. యారాడ కొండ నడిచే ఎక్కీసినాను."

"డ్యూటీకి వెళ్లాక?"

అన్నాళ్లుగా ఆ ప్రశ్న వేసినవాళ్లే లేరు. ఊదితే ఊపిరి బలం చూపించే పీక్ ఫ్లో మీటర్ ఇచ్చి, ఇంట్లోనూ పనిలోనూ ఊదమంది. సెలవు రోజున సూచిక పైకి, షిఫ్టులో కిందికి.

"ఆక్యుపేషనల్ ఆస్తమా, అంటే పని వల్ల వచ్చిన ఉబ్బసం. ఇన్‌హేలర్ రాస్తాను. కానీ ఆ పొడి పీలుస్తూనే ఉంటే నా మందు పనిచేయదు" అంది.

ఆ రోజుల్లోనే ప్రభుత్వం ఫ్యాక్టరీలకు రూలు బిగించింది. పొడి లేచేచోట దాన్ని లాగేసే ఫ్యాను ఉండాలి, గాలిని పరీక్షించాలి. మేనేజరు మమ్మల్నందరినీ నిలబెట్టి, "ఈ రూలు అమలైతే కంపెనీకి తాళమే" అన్నాడు.

ఫ్యాను పెట్టాల్సిందే అన్నాను నేను. అప్పలరాజు నా చెయ్యి పట్టుకున్నాడు. "నీ దగ్గు కోసం మా కూడు తీసేత్తావేటి బావా?"

తనిఖీకి వచ్చిన అధికారి, ఫ్యాను పెడితే చాలు, ఇక్కడ ఇంకెవరికీ జబ్బు రాదని సెలవిచ్చాడు. చిలక జోస్యం చెప్పేవాడైనా కార్డు తీయించి చూస్తాడు. మేనేజరూ, అధికారీ అది కూడా చూడలేదు.

ఫ్యాను వచ్చింది. తాళం పడలేదు సరికదా, పక్కనే రెండో షెడ్డు లేచింది. జబ్బు కూడా పోలేదు. ఫ్యాను కాస్త సరుకును కూడా లాగేస్తోందని సూపర్‌వైజరు స్విచ్ ఆపించేవాడు. గాలి పరీక్ష జరిగే రోజున మాత్రం తిప్పించేవాడు. రిపోర్టులో గాలి శుభ్రం! రిపోర్టు ఊపిరి పీల్చదు, పీల్చేది నేను. ఆరోగ్య రక్షణ పేరుతో బెల్లం ముక్కను మాత్రం పెద్దది చేశారు.

ఓ మధ్యాహ్నం రియాక్టర్ పక్కనే కూలబడ్డాను. క్యాజువాల్టీలో ఆక్సిజన్, నెబ్యులైజర్, స్టెరాయిడ్ ఇంజెక్షన్.

"ఫ్యాను పెట్టారన్నారుగా?" అని డాక్టరమ్మ మండిపడింది.

"పెట్టారండీ. తిరగదు."

డ్యూటీ నుంచి నేరుగా నన్ను చూడవచ్చిన అప్పలరాజు మంచం పక్కన నిలబడి దగ్గాడు. మీటరుకు కొత్త గొట్టం తగిలించి ఊదమన్నాను. నవ్వుతూ ఊదాడు. ఆదివారం మా ఇంటికి వచ్చి మళ్లీ ఊదాడు. సూచిక ఎంతో పైకి వెళ్లింది. నవ్వు పోయింది.

"బెల్లం రోజూ తిన్నాను కదా బావా!"

సోమవారం జరిగింది మా షిఫ్టువాళ్లు చెప్పారు. అప్పలరాజు కత్తి కింద పెట్టేశాడట. "ఫేనెయ్యండి సార్. ఎయ్యకపోతే ఈ బత్తా కొయ్యను."

"కంపెనీ మూయిస్తావా?" అన్నాడట సూపర్‌వైజరు.

"మూసీసిన కంపెనీయేనా సార్, రెండో షెడ్డు కట్టింది?"

మిగతా కత్తులూ కిందికి దిగాయి. స్విచ్ పడింది. ఆ రోజు నుంచి రోజూ తిరుగుతోంది.

డాక్టరమ్మ చీటీ పట్టుకుని పోట్లాడి నేను గోడౌన్‌కు మారాను. ఉదయం, సాయంత్రం ఇన్‌హేలర్ తప్పదు. యారాడ కొండ ఇప్పుడు సగంలో ఆగి ఎక్కుతాను. ఆ మిగతా ఊపిరి తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పేసింది. అప్పలరాజు మీటరు మాత్రం ఆదివారమూ సోమవారమూ ఒకటే చూపిస్తోంది.

మీకు దగ్గు, ఆయాసం ఉంటే, డాక్టరు అడగకపోయినా మీరు చేసే పని చెప్పండి. సెలవుకీ డ్యూటీకీ తేడా ఉంటే అదీ చెప్పండి. పీక్ ఫ్లో మీటర్ రాయించుకోండి. బెల్లం దాచుకునే జేబులో అది పడుతుంది.