పొద్దున కషాయం, రాత్రి మాత్ర

"విశేషమేమైనా ఉందా?" అని ఆ రెండున్నరేళ్ళలో నన్ను అడిగిన ప్రతి మొహమూ నాకు గుర్తే. పెళ్ళి పందిట్లో అడిగినవాళ్ళు, బస్సులో పక్క సీట్లో కూర్చుని అడిగినవాళ్ళు, అడిగి ఊరుకోక నా పొట్ట వైపు ఒకసారి చూసి, "కంగారు పడకమ్మా, అంతా పైవాడి చేతిలో ఉంది" అన్నవాళ్ళు. పైవాడి చేతిలో ఏమీ లేదు. నాకు పిల్లలు పుట్టడమన్నది ఢిల్లీలో ఒక కార్యాలయంలో ఏదో బల్ల మీద ఫైలుగా పడి ఉంది. ఆ మాట చెప్పకూడదు కాబట్టి నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే అడిగినవాళ్ళ మీద కంటే ఆ నవ్వు మీదే ముందు కోపమొస్తుంది.

తొంభైల చివర్లో మేం మాదాపూర్‌లో రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. మధ్యాహ్నం పన్నెండు దాటితే చుట్టుపక్కల బండరాళ్ళు పేల్చేవాళ్ళు. కిటికీలు మూసినా కంచాల మీద దుమ్ము పడేది. నేను దగ్గర్లోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే పనిలో ఉండేదాన్ని. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమక పడతాయని ప్రపంచమంతా హడావుడి పడుతున్న కాలం. మా ఆయన సివిల్ ఇంజినీరు. ఇద్దరిదీ కర్నూలు వైపే.

విదేశంలో శాశ్వతంగా ఉండటానికి అనుమతి కోసం పెళ్ళైన మూడో నెలలోనే దరఖాస్తు పెట్టాం. ఆలోచన మా ఆయనది. ఏజెంటు కూర్చుని చదువుకూ, అనుభవానికీ ఇద్దరి పాయింట్లూ లెక్కేస్తే ఆయనవి చాల్లేదు, నావి సరిపోయాయి. అందుకని ప్రధాన దరఖాస్తుదారు అన్న గడిలో నా పేరు, ఆమె మీద ఆధారపడినవారు అన్న గడిలో ఆయన పేరు రాశారు. సంతకాలన్నీ నావే. ఆ రోజు హోటల్లో దోసె తింటూ ఆయన, "ఇంటి పెద్దవు నువ్వేనమ్మా ఇక" అని ఆటపట్టించాడు. నేనూ నవ్వాను. కాగితం మీద పెద్దరికం కాగితం మీదే ఉంటుందని అప్పటికి తెలియదు.

ఫైలు తీసుకుంటూ ఏజెంటు ఒక మాట చెప్పాడు. కుర్చీ వెనక్కి వాల్చి, చాలా మర్యాదగా. "పిల్లల సంగతి మాత్రం వాయిదా వేసుకోండి మేడమ్. మెడికల్ పరీక్షకు పిలిచినప్పుడు మీరు కడుపుతో ఉన్నారనుకోండి, ఛాతీ ఎక్స్-రే తీయరండి. ఎక్స్-రే లేకపోతే మెడికల్ లేదు, మెడికల్ లేకపోతే ఫైలు క్లోజండి. ఎంత, ఏడాదేగా."

ఏడాదేగా! ఆ ముక్క ఇప్పటికీ చెవిలో గింగురుమంటుంది.

రెండో ఆంక్ష మా ఆయనది. పని పూర్తయ్యేదాకా బయటికి పొక్కనివ్వకపోవడం మా వైపు ఉన్నదే. సంబంధం కుదిరేదాకా చెప్పరు, ఇల్లు రిజిస్ట్రేషన్ అయ్యేదాకా చెప్పరు. విదేశం సంగతైతే మరీ. ఆయన పెదనాన్న కొడుకు ఒకాయన దుబాయి వెళుతున్నానని ఊరందరికీ భోజనాలు పెట్టి, తీరా వీసా రాక, ఆరు నెలలు గడప దాటలేదట. అది చూసిన భయం ఈయనది. "స్టాంపు పడేదాకా మా అమ్మకు కూడా చెప్పొద్దు. దిష్టి తగుల్తాది" అన్నాడు. ఆ దేశం పేరు కూడా ఇంట్లో ఎత్తనిచ్చేవాడు కాదు. "అది ఏమైంది?", "అది ఇంకా రాలేదు" అని అంటూ బతికాం. ఇక్కడ కూడా ఆ పేరు రాయను. అలవాటైపోయింది.

మేమొక్కళ్ళమే ఇలా అనుకుంటే పొరపాటు. ఆఫీసులో ఒకసారి జిరాక్సు మెషీన్ మూత కింద ఎవరిదో దరఖాస్తు పేజీ మిగిలిపోయింది. పేరున్న పేజీ కాదు, ప్రయాణాల వివరాలు రాసే పేజీ. దాన్ని మెషీన్ మీదే పెట్టారు. రెండు రోజులు అక్కడే ఉంది. అందరం దాని పక్కనుంచే వెళ్ళాం, ఒక్కరూ నాది అనలేదు. అంటే దొరికిపోతారు. మధ్యాహ్నం ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకరి గోంగూర ఒకరం పంచుకుని తినేవాళ్ళం. పంచుకోనిది ఆ ఒక్కటే. మూడో రోజు ఊడ్చే ఆమె ఆ కాగితాన్ని చెత్తలో వేసేసింది.

ఏడాది గడిచింది. ఢిల్లీలో ఆ దేశపు వీసా కార్యాలయం నుంచి ఫైలు నంబరు ఒకటి వచ్చింది, అంతే. ఏజెంటుకు ఫోన్ చేస్తే, "ప్రాసెస్‌లో ఉందండి" అనేవాడు. ఇంకో ఆర్నెల్లకు చేసినా అదే మాట. మనమే వాళ్ళకు ఒక ఉత్తరం రాద్దామా అని మా ఆయన్ను అడిగితే ఉలిక్కిపడ్డాడు. "అడిగితే విసుక్కుంటారు. విసుక్కుంటే మన ఫైలు అడుక్కి పోతాది. మన పని మనం చేసినాం, ఊరకుండాల." నోరెత్తని పిల్లాడికే మాస్టారు మార్కులేస్తాడని చిన్నప్పుడు నేర్చుకున్నది ఆయన మీసాలొచ్చినా వదల్లేదు. నేను మాత్రం ఏం ఘనకార్యం చేశాను? ఊరుకున్నాను.

రెండేళ్ళు దాటాక నంద్యాల నుంచి మా అత్త వచ్చింది. వారం ఉండి పోదామని వచ్చి, కోడలి కడుపు పండేదాకా కదిలేది లేదని ఉండిపోయింది. చెడ్డ మనిషి కాదు. చెడ్డదైతే నాకు సులువయ్యేది. నన్ను ఒక్క సూటిపోటి మాట అనలేదు. నంద్యాలలో ఎవరో నాటు వైద్యుడిచ్చిన వేర్లూ, మిరియాలూ, జీలకర్రా వేసి రోజూ పొద్దున్నే కషాయం కాచేది. గ్లాసు నా చేతికిచ్చి ఎదురుగా కూర్చునేది. నేను మొహం చిట్లిస్తే, "ఇంకొంచెమే, గుటుక్కుమను" అని తనూ గొంతు కదిలించేది. తాగేదాన్ని. రాత్రి అన్నాలయ్యాక హ్యాండ్‌బ్యాగు జిప్పులోంచి మాత్ర తీసి, మంచినీళ్ళతో మింగేదాన్ని. పొద్దున పిల్లలు పుట్టడానికి కషాయం, రాత్రి పుట్టకుండా మాత్ర. రెండూ ఒక్క పూట కూడా తప్పలేదు. నా అంత క్రమశిక్షణ గల కోడలు జిల్లాలో ఉండి ఉండదు.

ఆవిడ అంతటితో ఆగలేదు. సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుని మంగళవారాలు ఉపవాసం మొదలుపెట్టింది. నన్ను ఉండమనలేదు, "ఆఫీసుకు పోయే పిల్లవి, నువ్వు తిను, నేనుంటాలే" అంది. ఆవిడకు చక్కెర జబ్బు. వద్దత్తా అంటే వినదు. నేను గదిలోకి వెళ్ళి మా ఆయనతో గొడవపడేదాన్ని. "చెప్పేద్దామండీ, ఆమె ఆరోగ్యం పోతుంది." ఆయన గోడ వైపు తిరిగి, "ఇంత ఓపిక పట్టినాం, ఇంకో రెండు నెలలు. ఇప్పుడు చెప్తే తెల్లారేసరికి నంద్యాలంతా తెలుస్తాది" అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. మండి, దుప్పటి కప్పుకుని పడుకునేదాన్ని. తలుపు అవతలే కదా ఆవిడ ఉన్నది! నాలుగడుగులు వేసి చెప్పొచ్చు. వెయ్యలేదు.

పద్నాలుగో మంగళవారం మధ్యాహ్నం ఆఫీసుకు ఫోనొచ్చింది. మా ఇంటి యజమానురాలు. మాదాపూర్ మనిషే, మా వాటా పక్కనే ఉండేది. "బిడ్డా, మీ అత్త కండ్లు తిరిగి వంటింట్ల వడ్డది. ఫికర్ జెయ్యకు, నేనున్న. జర జల్ది రా" అంది. పరుగెత్తుకుంటూ వచ్చేసరికి అత్తను చాప మీద పడుకోబెట్టి, చక్కెర నీళ్ళు తాగించి, పాదాలు రుద్దుతోంది. డాక్టరు వచ్చి చూసి, ఈ వయసులో ఉపవాసాలేమిటని నన్ను చీవాట్లు పెట్టి వెళ్ళాడు. అత్త నిద్రపోయింది. నేను వెనక మెట్ల మీద కూర్చున్నాను. ఇంటామె వచ్చి పక్కన కూర్చుని, "ఏందే, గట్ల ఏడుస్తున్నవ్? మంచిగైంది గదా" అంది.

ఏమనుకున్నానో ఏమో, మొత్తం చెప్పేశాను. రెండున్నరేళ్ళుగా కన్నతల్లికి చెప్పనిది కిరాయింటావిడకు చెప్పాను. ఫైలు, ఎక్స్-రే, మాత్ర, అన్నీ.

ఆమె అంతా విని, "ఎక్స్‌రే గురించి గట్లని ఎవరు జెప్పిండ్రు?" అంది.

"ఏజెంటు."

"ఆళ్లు జెప్పలే?"

"వాళ్ళంటే?"

"గదే, ఢిల్లీల ఉన్నోళ్లు. ఆళ్లనే అడగరాదా?"

అడగకూడదన్నాను. ఎందుకని అడిగింది. విసుక్కుంటారన్నాను. రోడ్డు కోసం సర్కారు ఆమె పొలం తీసుకున్నప్పుడు బదులు స్థలం తాలూకు పట్టా ఇస్తామని చెప్పి ఇవ్వలేదట. "సద్ది గట్టుకొని రోజు వొయ్యేది. ఆఫీసు ముంగట కూసొని, నా కాయితమేమాయె సారూ అని అడుగుడే అడుగుడు. ఆర్నెల్లకు యాష్టకొచ్చి ఇచ్చిండ్రు. నాకు సదువు రాదు బిడ్డా, వేలిముద్ర. నువ్వు ఇంత సదివినవ్, ఫైలు నీది, సంతకం నీది. అడిగితె కొడ్తరా?"

మర్నాడు ఆఫీసులో నాలుగు వాక్యాలు టైపు చేశాను. పైన ఫైలు నంబరు. ఫైలు నడుస్తుండగా గర్భం వస్తే ఏమవుతుంది, ఫైలు మూసేస్తారా అని ప్రశ్న. కింద నా సంతకం. రిజిస్టర్డ్ పోస్టులో వేశాను. మా ఆయనకు చెప్పలేదు. దాచడం ఇంట్లో అందరికీ వచ్చిన విద్యే కదా, అందులో నాదీ ఒక వాటా.

మూడు వారాలు కూడా కాలేదు, జవాబొచ్చింది. రెండున్నరేళ్ళు పలకని వాళ్ళు అడిగిన మూడు వారాలకు పలికారు. శనివారం మధ్యాహ్నం మా ఆయనే కవరు అందుకున్నాడు. పైన ముద్ర చూశాడు. అత్త హాల్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆయన నన్ను గదిలోకి లాగి, తలుపేసి, చించాడు. చదివి, మళ్ళీ చదివి, నా వైపు చూశాడు.

"ఎవర్నడిగి రాసినావు దీన్ని?"

"నా ఫైలు. నన్ను నేనే అడిగాను."

"వాళ్ళకు కోపమొచ్చి పక్కన పడేసింటే?"

"పడెయ్యలేదు కదా. ఏముందో చెప్పండి."

ఆయన చేతిలోంచి కాగితం లాక్కున్నాను. ఆరు లైన్లు. గర్భం వచ్చినంత మాత్రాన ఫైలు మూసెయ్యరు. మిగతా పరీక్షలు చేస్తారు, ఎక్స్-రే మాత్రం ప్రసవం తర్వాత తీయించుకోవచ్చు. బిడ్డ పుట్టాక జనన ధ్రువపత్రం పంపితే ఫైలులో చేరుస్తారు. ఈ విషయంలో ముందుగా అనుమతి అవసరం లేదు. మెడికల్‌కు పిలుపు ఆ మరుసటి ఏడాది నేను ఐదో నెలలో ఉండగా వచ్చింది, సరిగ్గా ఇందులో రాసినట్టే జరిగింది. అది తర్వాతి మాట. ఆ మధ్యాహ్నం మాత్రం నాకు కళ్ళ ముందు ఆ ఒక్క వాక్యమే కనబడింది. అనుమతి అవసరం లేదు. మమ్మల్ని ఏ దేశమూ ఆపలేదు. ఒక ఏజెంటు నోటిమాట పట్టుకుని మమ్మల్ని మేమే ఆపుకున్నాం. "మరి అతనట్ల చెప్పినాడే" అని మా ఆయన గొణిగాడు. ఆ మొహాన కాగితం విసిరికొట్టాలన్నంత కోపమొచ్చింది. విసరలేదు. తలుపు తీసుకుని హాల్లోకి వెళ్ళి, అత్త ముందు కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చెప్పాను. ఏం దరఖాస్తు పెట్టామో, ఎందుకు దాచామో, నా బ్యాగులో ఏం ఉందో. మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

అత్త చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపింది. కొడుకును ఏమైనా అంటుందని చూశాను. అనాలని కోరుకున్నాను, నిజం చెప్పాలంటే. ఆవిడ కొడుకు వైపు చూడనే లేదు.

"వాడెప్పుడూ నాకేమీ చెప్పడు. మీ మామ పోతాన్నాడని డాక్టరు చెప్పింది కూడా నాకు చెప్పల్యా. వాడంతే" అంది. "నువ్వు రోజూ నా ఎదురుగానే కూర్చున్నావు కదమ్మా. నేను పస్తుండేది చూస్తానే ఉన్నావు. మాత్ర మింగేదానివి, నేనిచ్చిన గ్లాసు ఎట్ల తాగినావు?"

ఏజెంటును తిట్టడానికీ, మా ఆయనను తిట్టడానికీ రెండున్నరేళ్ళుగా కూడబెట్టుకున్న మాటలు నా దగ్గర ఎన్నో ఉన్నాయి. ఈ ప్రశ్న మాత్రం నాది. ఆవిడ లేచి, మేకుకు తగిలించిన సంచీ దించి చీరలు సర్దుకోవడం మొదలుపెట్టింది. నేను తీగ మీది చీరలు తెచ్చి, మడతపెట్టి, ఒక్కొక్కటే అందించాను. ఉండు అత్తా అనాల్సింది. అడగడానికి భయపడే రకమని మా ఆయన్ను అన్నేళ్ళు తిట్టుకున్నదాన్ని, చివరి చీర అందించేదాకా ఆ ఒక్క మాట నోట రాలేదు.